భూతద్దం.. మసూర.. లెన్స్!

సరిహద్దు కాలేజీల్లో సైన్సు చదువుకు గ్రాంట్లు ఎట్లా వస్తాయి? ఎక్కడ ఆగిపోతాయి?

బాగేపల్లి: ఇంట్లో అది భూతద్దం. బళ్ళో మసూర. డిగ్రీ కాలేజీ ల్యాబులో లెన్స్. గాజుముక్క ఒకటే, పేర్లే మూడు. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం పల్లెల నుంచి బీఎస్సీలో చేరే పిల్లలు ఈ మూడు పేర్లనూ మోసుకుంటూ మెట్లెక్కాలి. ఇంటి మాట తెలుగు. ఎస్‌ఎస్‌ఎల్‌సీ దాకా చాలామందికి చదువు కన్నడంలో. పీయూసీ సైన్సులో అడుగు పెట్టగానే అంతా ఇంగ్లిషు. పదో తరగతిలో ‘పీన మసూర’, ‘నిమ్న మసూర’ అని బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్న పిల్ల, ఏడాది తిరక్కుండానే కాన్వెక్స్, కాన్‌కేవ్ అంటే ఏమిటోనని పక్క బెంచీ వైపు చూస్తుంది. మొక్క ఆకులో ఎండతో అన్నం వండుకునే సంగతి ఆమెకు తెలియనిది కాదు. బళ్ళో దాన్ని ‘ద్యుతిసంశ్లేషణె’ అని నేర్చుకుంది. కొడికొండ చెక్‌పోస్టు దాటితే అక్కడి తెలుగు మీడియం పిల్లలు దాన్నే ‘కిరణజన్య సంయోగక్రియ’ అంటారు. కాలేజీకి వస్తే ఫోటోసింథసిస్. ‘తెలుసు సార్, చెప్పేకి రాదు’ అనే మాట ఈ ప్రాంతంలో సైన్సు చెప్పే ఏ లెక్చరరుకూ కొత్త కాదు.

ఇలాంటి పిల్లలు ఎక్కువగా చదివే కాలేజీలకు ప్రత్యేకంగా డబ్బిచ్చి సైన్సు బాగుచేయాలన్న ఆలోచన ప్రపంచంలో ఒకచోట చట్టమే అయింది. అది అమెరికా. స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న కుటుంబాల పిల్లలు, అంటే హిస్పానిక్ విద్యార్థులు, డిగ్రీ స్థాయిలో కనీసం 25 శాతం ఉన్న కాలేజీలకు అక్కడ ఒక గుర్తింపు ఉంది. 2007 సెప్టెంబరులో వచ్చిన ఒక చట్టం అలాంటి కాలేజీల్లో సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల చదువుకోసం ఏడాదికి 10 కోట్ల డాలర్లు కేటాయించింది. మొదట రెండేళ్ళకే అన్నారు. 2010లో పొడిగించారు. 2019 చివర్లో శాశ్వతం చేశారు. చిక్కబళ్ళాపురం కోలారు నుంచి విడిపోయి జిల్లా అయ్యింది కూడా ఆ 2007లోనే. మనకు కలెక్టరాఫీసు వచ్చిన ఏడాది వాళ్ళకు ల్యాబుల చట్టం వచ్చిందన్నమాట.

ఆ డబ్బును ఏం చేయాలో కూడా చట్టంలోనే కొంత రాసుంది. ల్యాబు సామాను కొనడం ఒక్కటే కాదు. రెండేళ్ళ కాలేజీలో చదివిన పిల్లలు నాలుగేళ్ళ కాలేజీకి మారేటప్పుడు మధ్యలో జారిపోకుండా రెండు కాలేజీల మధ్య వంతెన వేయడం అందులో ముఖ్యమైన పని. ట్యూటర్లు, సలహాదారులు, లెక్కలకు ముందస్తు క్లాసులు అన్నీ ఆ పద్దులోకి వస్తాయి. పిల్లలు చదువు మానేసేది సామాను లేక మాత్రమే కాదని, అతుకు దగ్గరే తెగిపోతుందని వాళ్ళు గుర్తించారు. మన దగ్గర ఆ అతుకు పీయూసీ గడప దగ్గర ఒకటి, డిగ్రీ మొదటి సెమిస్టరులో ఇంకొకటి.

‘తెలుగు కాలేజీ’ అనే గడి లేదు

పావువంతు లెక్కను బాగేపల్లి తాలూకాకు పెడితే ఏమవుతుంది? ఇక్కడ సంతలో బేరం తెలుగు, బస్టాండులో తగాదా తెలుగు, పెళ్ళిలో పాట తెలుగు. ఇరవై అయిదు శాతం కాదు, అంతకు ఎన్నో రెట్లు దాటిపోతుంది. చింతామణి దారి పట్టి మదనపల్లె వైపు పోయినా అదే సంగతి. కైవారం తాతయ్య తత్త్వాలు తెలుగులోనూ కన్నడంలోనూ చెప్పిన నేల ఇది. అయితే ఒక కాలేజీలో ఏ భాష మాట్లాడే పిల్లలు ఎందరున్నారో చూసి సైన్సుకు నిధులిచ్చే పద్ధతి మన దేశంలో లేదు.

రాజ్యాంగం భాషా అల్పసంఖ్యాకుల మాట ఎత్తకపోలేదు. 350-ఎ అధికరణం తల్లిభాషలో చదువు గురించి చెబుతుంది, కానీ ప్రాథమిక స్థాయి వరకే. 30వ అధికరణం భాషా అల్పసంఖ్యాకులు విద్యాసంస్థలు పెట్టుకోవచ్చునంటుంది. అలా పెట్టినవాటికి సాయం ఇచ్చేటప్పుడు వివక్ష చూపరాదనీ అంటుంది. బీఎస్సీ ల్యాబు దాకా వచ్చేసరికి ఇవేవీ నేరుగా పనికిరావు. పైగా ఇక్కడి పిల్లలు చదివేది భాషా అల్పసంఖ్యాక సంస్థల్లో కాదు. సర్కారు ఫస్ట్ గ్రేడ్ కాలేజీల్లో, సొసైటీల కాలేజీల్లో.

తమాషా ఏమంటే, తెలుగింటి పిల్లలకు ఇక్కడ కాస్తోకూస్తో అక్కరకొచ్చేది కన్నడ మాధ్యమమే. కర్ణాటక సీఈటీలో ఒకటి నుంచి పది దాకా కన్నడంలో చదివినవారికి 5 శాతం, గ్రామీణ ప్రాంతాల్లో చదివినవారికి 15 శాతం సీట్లున్నాయి. ఇంట్లో ‘అమ్మా, నీళ్ళు’ అనే పిల్ల కన్నడ మాధ్యమం సర్టిఫికెట్టు పట్టుకుని ఇంజినీరింగు సీటు కోసం క్యూలో నిలబడుతుంది. అందులో తప్పేం లేదు. ఆమె చదివింది కన్నడమే. కాకపోతే సీటిచ్చాక మొదటి ఏడాది ఆమె ఎట్లా గట్టెక్కాలన్నది కోటాలో రాసి లేదు.

ఊరి పేరు మీద మాత్రం శ్రద్ధకు లోటు లేదు. 2025 జూలైలో నంది కొండ మీద సమావేశమైన రాష్ట్ర మంత్రివర్గం బాగేపల్లిని ‘భాగ్యనగర’గా మార్చాలని నిర్ణయించింది. ‘పల్లి’లో తెలుగు వాసన ఉందన్న అభ్యంతరం పాతదే. కొత్త పేరు వింటే హైదరాబాదు గుర్తుకు రాని తెలుగువాడు ఉంటాడా అన్నది వేరే సంగతి!

వెనుకబాటే అర్హత

భాష గడి లేకపోయినా వెనుకబాటు గడి ఉంది. ప్రాంతీయ అసమానతల మీద డాక్టర్ డి.ఎం.నంజుండప్ప అధ్యక్షతన వేసిన కమిటీ 2002లో నివేదిక ఇచ్చింది. కర్ణాటకలో 114 తాలూకాలను వెనుకబడినవిగా తేల్చి, వాటిని మూడు తరగతులు చేసింది. అందులో అట్టడుగున ఉన్న 39 ‘అత్యంత వెనుకబడిన’ తాలూకాల్లో బాగేపల్లి ఒకటి. బెంగళూరుకు సుమారు నూరు కిలోమీటర్లు. హైదరాబాదు హైవే మీద గంటన్నర, రెండు గంటల దారి. ఐటీ రాజధాని వెలుగు రాత్రిపూట నంది కొండ మీద నిలబడితే కనిపిస్తుంది. ఆ కొండకు ఇవతలి పక్కనున్న తాలూకా ఆ జాబితాలో ఉంది.

ఆ జాబితాలోనే ఉన్న రాయచూరు, కలబురగి వైపు తాలూకాలకు తరువాత 371-జె అధికరణం తోడొచ్చింది. ప్రత్యేక మండలి, ప్రత్యేక నిధులు, ఉద్యోగాల్లో వాటా వచ్చాయి. బాగేపల్లికి ఆ గొడుగు లేదు. అది పాత మైసూరులో భాగం. పాత మైసూరు అంటే బాగుపడిన ప్రాంతమని లెక్క. సగటు లెక్కల్లో ఇలాంటి మూలలు మునిగిపోతాయి.

ఒక స్కాలర్‌షిప్పు కథ

ఈ జిల్లాకు గ్రాంటు విలువ తెలియంది కాదు. చిక్కబళ్ళాపురం పక్కన ముద్దేనహళ్ళిలో 1861లో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇంటి పేరు ప్రకాశం వైపు గ్రామానిది. తెలుగు కుటుంబం. చిక్కబళ్ళాపురంలో బడి చదువు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగళూరు సెంట్రల్ కాలేజీలో 1881లో బీఏ పూర్తి చేశారు. కథ అక్కడ ఆగిపోవాల్సింది. మైసూరు సర్కారు ఇచ్చిన ఆర్థిక సాయంతో పూనా సైన్సు కాలేజీకి వెళ్ళగలిగారు. 1883లో ఇంజినీరింగు పరీక్షలో మొదటి స్థానంలో నిలిచారు. తరువాతి కథ అందరికీ తెలిసిందే. 1912లో మైసూరు దివాను. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఆయన దివానుగా ఉండగానే వచ్చింది. 1955లో భారతరత్న. ఒక కుర్రాడికి సర్కారు ఇచ్చిన స్కాలర్‌షిప్పు ఎంత తిరిగి తెచ్చిపెట్టిందో లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు.

రెండో భారతరత్న పేరులోనూ ఈ జిల్లా ఉంది. 2013లో ఆ గౌరవం ప్రకటించిన రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్.రావు పేరులో ‘సి’ అంటే చింతామణి. ఆయన పుట్టింది బెంగళూరులో అయినా ఊరి పేరు వెంటే ఉంది.

వీళ్ళిద్దరికంటే బాగేపల్లికి దగ్గరివాడు ఇంకొకరున్నారు. హెచ్.నరసింహయ్య. హెచ్‌ఎన్ అంటేనే అందరికీ తెలుస్తుంది. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920 జూన్ 6న పేద ఇంట్లో పుట్టారు. హైస్కూలు చదువుకు 1935లో ఊరి నుంచి బెంగళూరుకు నడిచి వెళ్ళిన కుర్రాడు. బసవనగుడి నేషనల్ హైస్కూలులో చేరి, సెంట్రల్ కాలేజీలో ఫిజిక్సు చదివి, క్విట్ ఇండియాలో జైలుకు పోయి, 1946లో నేషనల్ కాలేజీలో లెక్చరర్ అయ్యారు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ నుంచి 1960లో న్యూక్లియర్ ఫిజిక్సులో డాక్టరేటు తెచ్చుకున్నారు. అక్కడే ఉండిపోయే చదువది. తిరిగొచ్చి ప్రిన్సిపాల్ అయ్యారు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం మొదలుపెట్టారు. 1970ల్లో బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరుగా ఉన్నారు. ఖద్దరు బట్టలు, కాలేజీ హాస్టల్లో ఒక గది. 2005 జనవరి 31న కన్నుమూసేదాకా అంతే.

ఆయన చేసిన పెద్ద పని బెంగళూరులోనే జరిగిందనుకుంటారు. ఆయన గౌరిబిదనూరులోనూ బాగేపల్లిలోనూ నేషనల్ కాలేజీలు పెట్టించారన్నది ఇక్కడివాళ్ళు మరువరు. నేషనల్ ఎడ్యుకేషన్ సొసైటీ 1917లో బెంగళూరులో ఒక హైస్కూలుతో మొదలైన సంస్థ. దాని వెనక అనిబిసెంటు ప్రోత్సాహం ఉంది. మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టించిందీ ఆమే. నగరంలోని సంస్థ వెనుకబడిన తాలూకాకు వచ్చి కాలేజీ తెరవడం అప్పట్లో చిన్న విషయం కాదు. ‘పిల్లలు నడిచి బెంగళూరుకు రానక్కర్లేదు, కాలేజీయే నడిచి వాళ్ళ దగ్గరికి రావాలి’ అన్నట్టుంటుంది ఆ పని. కాలేజీ వచ్చింది. ఆ కాలేజీల్లో, తరువాత వచ్చిన సర్కారు ఫస్ట్ గ్రేడ్ కాలేజీల్లో సైన్సు గదులను ఏ డబ్బుతో నిలబెట్టాలన్నదే ఇప్పటి ప్రశ్న.

గేటు పేరు ‘12-బి’

గ్రాంటు అనగానే దరఖాస్తు పెడితే వస్తుందనుకుంటారు. ముందు గేటు దాటాలి. 1956 నాటి యూజీసీ చట్టంలో 2(ఎఫ్), 12(బి) అని రెండు సెక్షన్లున్నాయి. మొదటిది కాలేజీని గుర్తించడం. రెండోది కేంద్ర నిధులు తీసుకోవడానికి అది తగినదేనని తేల్చడం. మొదటిది ఉండి రెండోది లేకపోతే పెళ్ళి పత్రికలో పేరుండి విస్తరి లేనట్టే. ఆపైన న్యాక్ గ్రేడు అడుగుతారు. ఆ న్యాక్ ఆఫీసు ఉండేది బెంగళూరులోనే. కాకపోతే దగ్గరున్నంత మాత్రాన పని తేలిక కాదు. స్వీయ మదింపు నివేదిక అని కాగితాలు తయారుచేయడానికే ఒక మనిషి ఏడాది పొడుగునా కూర్చోవాలి. చిన్న కాలేజీలో ఆ మనిషి దాదాపు ఎప్పుడూ కెమిస్ట్రీ లెక్చరరో, ఫిజిక్సు లెక్చరరో అయ్యుంటాడు. నాణ్యత రుజువు చేసే కాగితాల కోసం క్లాసులు పోతాయి. ఇది ఎవరూ నవ్వుకోని హాస్యం.

గేటు దాటినవాళ్ళకు సైన్సు కోసమే ఉన్న మంచి పథకాల్లో ఒకటి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2008లో మొదలుపెట్టిన స్టార్ కాలేజీ పథకం. పరిశోధనా సంస్థలకు కాకుండా డిగ్రీ కాలేజీలకే డబ్బివ్వడం, పిల్లలు చేత్తో ప్రయోగం చేసేలా చూడడం దీని ఉద్దేశం. సామానుకు ఒకసారి ఇచ్చే డబ్బు వేరు, ఏటేటా రసాయనాలకు, పిల్లల ప్రాజెక్టులకు, అధ్యాపకుల శిక్షణకు ఇచ్చే డబ్బు వేరు. ఇది తెలివైన ఏర్పాటు. దేశంలో 2021 నాటికి 278 కాలేజీలకు ఈ సాయం అందింది. అయితే మొదటి పదేళ్ళు పట్నం కాలేజీలు, పల్లె కాలేజీలు ఒకే వరుసలో పోటీ పడ్డాయి. ఇద్దరినీ ఒకే పరుగుపందెంలో పెడితే ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు. 2018-19లో గానీ గ్రామీణ కాలేజీలకు వేరే గడి గీయలేదు. గీశాక కూడా రెండేళ్ళలో పట్నం గడిలో 55 కాలేజీలకు, పల్లె గడిలో 15 కాలేజీలకు మంజూరైంది. పల్లె కాలేజీలకు అర్హత లేకనా? అర్హత ఉన్నా ప్రతిపాదన రాసే చెయ్యి లేకనా? రెండో కారణమే ఎక్కువ అనుకోవాలి.

పిల్లలకు నేరుగా వచ్చే స్కాలర్‌షిప్పులదీ అదే తీరు. 2008లో మొదలైన ఇన్‌స్పైర్ పథకం కింద బీఎస్సీలో మౌలిక శాస్త్రాలు చదివే పిల్లలకు ఏడాదికి 80 వేల రూపాయల దాకా ఇచ్చారు. మంచి మొత్తమే. కానీ పీయూసీలో రాష్ట్రం మొత్తమ్మీద పైనున్న ఒక శాతంలో ఉండాలి. మూడు భాషల మధ్య ఊపిరాడని పిల్ల ఆ ఒక శాతంలోకి రావడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? సాయం కావలసినవాళ్ళు బయట, అంతగా అక్కర్లేనివాళ్ళు లోపల.

కోటీ నలభై లక్షలు గోడలకే

పెద్ద డబ్బు వచ్చింది రూసా పథకంలో. 2013లో మొదలైంది. కేంద్రం 60, రాష్ట్రం 40 వాటా. ఒక కాలేజీకి మౌలిక వసతుల కింద 2 కోట్ల రూపాయలు. దాన్ని ఎట్లా ఖర్చుపెట్టాలో కొలతలిచ్చారు: కొత్త కట్టడాలకు 35 శాతం, ఉన్నవాటి మరమ్మతుకు 35 శాతం, సామానుకు 30 శాతం. అంటే కోటీ నలభై లక్షలు ఇటుకకూ సిమెంటుకూ. మిగిలిన అరవై లక్షల్లోనే కంప్యూటర్లు, లైబ్రరీ పుస్తకాలు, ఆటల సామాను, ల్యాబులూ అన్నీ సర్దుకోవాలి. ఫిజిక్సుకు, కెమిస్ట్రీకి, బోటనీకి, జువాలజీకి చివరికి ఎంత మిగులుతుందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. భవనాలు అక్కర్లేదని ఎవరూ అనరు. వాన కురిస్తే మైక్రోస్కోపులు మూటగట్టి పక్కగదికి మార్చిన కాలేజీలు దేశంలో బోలెడు. కానీ కట్టిన గదికి రిబ్బను కత్తిరించడానికి వచ్చినవాళ్ళు, లోపల బ్యూరెట్లు ఎన్నున్నాయని అడిగిన సందర్భాలు అరుదు.

ఒక బ్యూరెట్టు చుట్టూ ఆరుగురు నిలబడితే ప్రయోగం చేసేది ఒక్కరే. మిగిలిన అయిదుగురూ చూసేవాళ్ళు. పల్లె కాలేజీ ల్యాబుల్లో ఇది అందరికీ తెలిసిన బొమ్మే. పింకు రంగు ఏ చుక్క దగ్గర వచ్చిందో కుళాయి తిప్పిన పిల్లకే తెలుస్తుంది. మిగిలినవాళ్ళు ఆమె రీడింగే రికార్డులో రాసుకుంటారు. ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్ళే ముందుకెళ్ళి కుళాయి పడతారు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం చదివిన పిల్ల వెనకే ఉంటుంది. నిజానికి ల్యాబులోనే ఆమెకు భాషతో పని తక్కువ. చేతికి, కంటికి తర్జుమా అక్కర్లేదు. మొదట గెలవగలిగింది అక్కడే. సామాను లేకపోతే ఆ ఒక్క చోటా పోతుంది.

రూసా స్థానంలో 2023లో పీఎం-ఉష వచ్చింది. 2023-24 నుంచి 2025-26 దాకా మూడేళ్ళకు దేశం మొత్తానికి 12,926 కోట్ల రూపాయలు. కాలేజీని బలపరచడానికి ఒక్కోదానికి 5 కోట్ల దాకా. ఒక మంచి మార్పు ఏమంటే, జిల్లాలను ఎంచేటప్పుడు కాలేజీ చదువుల్లో వెనుకబాటును, సరిహద్దు ప్రాంతం కావడాన్నీ లెక్కలోకి తీసుకుంటామన్నారు. కానీ ఆ పథకంలో విశ్వవిద్యాలయాలకు నూరేసి కోట్ల ముద్దలున్నాయి. కాలేజీలు ఆ వరుసలో చివర నిలబడ్డాయి.

ఇటువైపు కాలేజీలకు తల్లి విశ్వవిద్యాలయమూ కొత్తదే. బెంగళూరు విశ్వవిద్యాలయాన్ని విడగొట్టినప్పుడు కోలారు టమకలో బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం 2017లో వచ్చింది. తల్లే నిలదొక్కుకుంటుంటే బిడ్డలకు ఏం పెడుతుంది?

సామాను వచ్చింది, మనిషేడీ?

ఏ గ్రాంటుతోనూ కొనలేనిది ఒకటుంది. పాఠం చెప్పే మనిషి. కర్ణాటక సర్కారు డిగ్రీ కాలేజీలు చాలాకాలంగా అతిథి అధ్యాపకుల మీద నడుస్తున్నాయి. రాష్ట్రమంతటా పదివేలమందికి పైగా ఉన్నారు. పేరు అతిథి. పని ఇంటివాళ్ళందరి పనీ. 2023 చివర్లో ఉద్యోగ భద్రత కోసం వాళ్ళు క్లాసులు బహిష్కరించి రోడ్డెక్కినప్పుడు కాలేజీలు ఎవరి భుజాల మీద నిలబడ్డాయో అందరికీ తెలిసింది. గ్రాంటు అయిదేళ్ళది, అతిథి నియామకం పది నెలలది. స్పెక్ట్రోమీటరు వాడకం మీద శిక్షణ తీసుకున్న మనిషి వచ్చే జూన్‌లో అదే కాలేజీలో ఉంటాడన్న హామీ లేదు. పక్కూరివాడైతే తెలుగులో నాలుగు మాటలు చెప్పి అర్థం చేయించగలడు. ఆ నాలుగు మాటల విలువ ఏ నివేదికలోనూ రాయరు.

దీనికి తోడు సిలబస్ దెబ్బ. కొత్త జాతీయ విద్యావిధానాన్ని అందరికంటే ముందు అమలుచేస్తామని 2021-22లో నాలుగేళ్ళ డిగ్రీ తెచ్చారు. 2024-25 నుంచి మళ్ళీ మూడేళ్ళకు వచ్చారు. ఏ పద్ధతి మంచిదన్నది అట్లుంచితే, మూడేళ్ళలో రెండుసార్లు ప్రాక్టికల్స్ జాబితా మారింది. ఒక జాబితా చూసి సామానుకు ఇండెంటు పెట్టిన విభాగం, ఇంకొక జాబితాకు పాఠం చెప్పాలి.

భాష గొడవకు ఈ మధ్య కొంచెం కదలిక వచ్చింది. రాష్ట్ర విద్యావిధానం మీద సుఖదేవ్ థోరట్ కమిషన్ 2025 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. అయిదో తరగతి దాకా కన్నడంలో గానీ తల్లిభాషలో గానీ చదువు ఉండాలని సిఫారసు చేసింది. అమలవుతుందా, అయితే బాగేపల్లిలో ఆ ‘తల్లిభాష’ ఏది అవుతుంది అన్నవి పెద్ద ప్రశ్నలే. ఎట్లయినా డిగ్రీ పిల్లలకు అది అందే సాయం కాదు. 2023 నుంచి రాష్ట్ర ఉన్నత విద్యామంత్రిగా ఉన్న ఎం.సి.సుధాకర్ చింతామణి ఎమ్మెల్యే. ఈ సీమ పిల్లల నాలుక ఎట్లా తిరుగుతుందో ఆ శాఖకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

బోరునీళ్ళు పాఠమైతే..

ఈ జిల్లాలో సైన్సుకు పాఠం వెతకనక్కర్లేదు. చిత్రావతి, పాపఘ్ని, పెన్న పుట్టేది నంది కొండల చుట్టుపక్కలే. అయినా ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. నీళ్ళంటే బోరే. బోరు లోతుకు పోయేకొద్దీ బాగేపల్లి వైపు ఫ్లోరైడు. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ళకు, ఎముకలకు ముప్పు. దాన్ని కొలవడం డిగ్రీ కెమిస్ట్రీ ల్యాబులో చేయగల పనే. ఒక ఎలక్ట్రోడు గానీ, రంగు తేడా చూసే కలరీమీటరు గానీ చాలు. ప్రతి విద్యార్థీ తన ఊరి బోరునీళ్ళు ఒక సీసా తెస్తే తాలూకా మ్యాపు తయారవుతుంది. స్టార్ కాలేజీ లాంటి పథకాలు ‘విద్యార్థి ప్రాజెక్టు’ అని డబ్బిచ్చేది ఇలాంటి పనులకే.

జువాలజీకి పట్టుపురుగుంది. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టు పక్కనే. చింతామణి దగ్గర కురుబూరులో సెరికల్చరు కాలేజీ ఉంది. తల్లి చిలుకను నూరి మైక్రోస్కోపు కింద చూసి పెబ్రిన్ రోగం ఉందో లేదో తేల్చే పద్ధతి 1860ల్లో లూయీ పాశ్చర్ ఫ్రాన్సులో కనిపెట్టింది. గుడ్ల కేంద్రాల్లో ఇప్పటికీ అదే. ఇంట్లో చంద్రికలు మోసిన పిల్లకు ఆ మైక్రోస్కోపు చూపిస్తే ఇంగ్లిషు పేరు అడ్డం రాదు. పేరు ఆమే అడిగి నేర్చుకుంటుంది.

భాష అడ్డుకు మందు కూడా ఖరీదైనదేం కాదు. నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీసి కన్నడ మాట, ఇంగ్లిషు మాట, ఇంటి మాట పక్కపక్కన రాయించడం, మొదటి సెమిస్టరు ముందు మూడు వారాల వంతెన క్లాసులు పెట్టడం, సీనియర్లను జూనియర్ల పక్కన కూర్చోబెట్టి వాళ్ళకు కాస్త భత్యం ఇవ్వడం. ఆమ్లం రెండు భాషల్లోనూ ఆమ్లమే. క్షారం మాత్రం కన్నడంలో ‘ప్రత్యామ్ల’. బలం, వేగం, ఘర్షణ ఒకటే. కణం అక్కడ ‘కోశ’. కూర్చుని చూస్తే కలిసే మాటలే ఎక్కువ, కలవనివి కొన్నే. వాటిని ఒక జాబితా చేయడానికి కోట్లు అక్కర్లేదు. ‘భవనం’, ‘పరికరాలు’ అని పెద్ద అక్షరాల పద్దులుండే దరఖాస్తులో ఇలాంటి పనికి సరిపోయే గడి వెతుక్కోవాలి. అమెరికా చట్టంలో ట్యూటర్లకూ సలహాదారులకూ చోటిచ్చారన్నది ఇక్కడే గుర్తుకొస్తుంది.

ఆ అమెరికా కథ కూడా అంతా సాఫీగా లేదు. విద్యార్థుల జాతిని బట్టి కాలేజీకి అర్హత కట్టడం రాజ్యాంగానికి విరుద్ధమంటూ 2025 జూన్‌లో టెనెసీ రాష్ట్రం కోర్టుకెళ్ళింది. ఆ పథకాన్ని సమర్థించబోమని జూలైలో కేంద్ర న్యాయశాఖ తేల్చింది. సెప్టెంబరులో విద్యాశాఖ, హిస్పానిక్ కాలేజీలతో సహా ఇలాంటి సంస్థలకు తన విచక్షణతో ఇచ్చే సుమారు 35 కోట్ల డాలర్లను ఆపేసింది. అయితే కాంగ్రెసు చట్టంలో అంకె వేసి మరీ కేటాయించిన 13 కోట్ల డాలర్ల పైచిలుకును ఆ ఏడాదికి విడుదల చేయక తప్పలేదు. అధికారి చేతిలో ఉన్నది పోయింది, చట్టంలో రాసి ఉన్నది నిలిచింది. మన రూసా, ఉష, స్టార్ అన్నీ పథకాలే. గడువు తీరితే పొడిగింపు కోసం చూడాలి.

పెట్టె విప్పేనాటికి

మంజూరు అయిన తరువాతా ప్రయాణం పొడుగే. వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. మొదటి కంతు పడ్డాక సర్కారు కాలేజీ అయితే జెమ్ పోర్టల్లో కొనాలి, లేదా టెండరు పిలవాలి. ఖర్చు పెట్టిన డబ్బుకు వినియోగ ధ్రువపత్రం పంపాలి. ఖాతాలో పడిన వడ్డీ కూడా లెక్క చెప్పి తిప్పి పంపాలి. ధ్రువపత్రంలో ఒక సంతకం తక్కువైతే రెండో కంతు ఆగుతుంది. మార్చిలోపు ఖర్చుపెట్టాలన్న తొందరలో అవసరమైనది కాక, దొరికినది కొనడం కూడా ఎక్కడైనా జరిగేదే. డిగ్రీ మూడేళ్ళు. ప్రతిపాదన, పరిశీలన, మంజూరు, టెండరు, సరఫరా అన్నీ కలిపితే ఆ మూడేళ్ళు ఇట్టే దొర్లిపోతాయి. ప్రతిపాదన రాసిన ఏడాది ఫస్టియర్లో చేరిన పిల్ల, కలరీమీటరు పెట్టె విప్పేనాటికి మార్కుల కార్డు తీసుకుని, దొడ్డబళ్ళాపురం గార్మెంట్స్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది.